తూము పలకలూ, ఆనుడు చెక్కా

నలభై ఏళ్ళు రంపం పట్టినవాణ్ణి. రెండేళ్ళ కిందట మానేశాను. వడ్రంగం గురించి చెప్పమంటే చాలా చెప్పగలను గానీ ఇక్కడ ఒక్క పని గురించే చెబుతాను. ఆ పనిలో నేను చేసిన తెలివైన పని ఒకటుంది, సిగ్గుమాలిన పని ఒకటుంది. పని నేర్చుకుంటున్న కుర్రవాళ్ళు చదివితే మరీ మంచిది. ముందే చెప్పేస్తున్నాను, ఇది శాంతంగా రాసింది కాదు. ఎనిమిదేళ్ళయింది. నా కోపం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

మా షెడ్డు ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు మీద ఉండేది. మేస్త్రి ఒకాయన, పనివాళ్ళం నలుగురం. తలుపులు, కిటికీలు రెడీమేడ్ వచ్చేశాక మాకు ఇళ్ళ పని సన్నగిల్లింది. కొల్లేరు చుట్టూ చేపల చెరువులు ఉండబట్టి తూము పలకల పని మిగిలింది. చెరువు గట్టులో సిమెంటుతో తూము కడతారు. దాని రెండు గోడల్లోనూ ఎదురెదురుగా నిలువు గాళ్ళు ఉంటాయి. ఆ గాళ్ళలోకి పలకలను ఒకదాని మీద ఒకటి దించుతారు. నీళ్ళు వదలాలంటే పై పలక తీస్తారు, నిలపాలంటే మళ్ళీ వేస్తారు. చూస్తే చాలా తేలికైన ఏర్పాటు. అయితే పలక చివర అడ్డంగా తెగకుండా కొంచెం ఏటవాలుగా తెగిందంటే, పొడుగున్న మూల గాడిలో తట్టుకుంటుంది. పలక ఒక పక్కకి లేచి నిలబడుతుంది. దానికీ కింది పలకకీ మధ్య సందు పడుతుంది. ఆ సందులోంచి నీళ్ళు పోతాయి, నీళ్ళతో పాటు చేపపిల్లలు పోతాయి. పైన వల బిగించిన చట్రం ఉంటుంది గానీ అది పొర్లే నీటికే. అడుగు నుంచి పోయేవాటికి అడ్డేమీ లేదు.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఏ రెండు తూముల కొలతా ఒకటి కాదు. ఒకే తూముకు పైన ఒక కొలత, కింద ఒక కొలత. అందుకని పలకలను షెడ్డులో మిషను మీద కోసి పట్టుకుపోవడానికి లేదు. గట్టు మీదే కొలిచి, గట్టు మీదే చేతి రంపంతో కొయ్యాలి. 

మా మేస్త్రి తాడేపల్లిగూడెంలో పని నేర్చుకున్న మనిషి. "మాది గూడెం చెయ్యండీ" అనేవాడు, వచ్చిన ప్రతి రైతుతోనూ. ఆయన లెక్కలో గూడెం చెయ్యి అంటే గీత ఒక్కటి గీసి, కంటి చూపు మీద నిలువునా కోసెయ్యడం. రంపానికి పక్కన ఏదైనా ఆసరా పెట్టుకున్నవాడు వడ్రంగి కాదు. నేనూ ముప్ఫై ఏళ్ళ పాటు అదే నమ్మాను. నా చెయ్యి మంచిదని పేరుండేది. యాభై దాటాక ఆ పేరు అలాగే ఉంది, చెయ్యి మాత్రం లేదు. సాయంత్రం నాలుగు దాటితే కోత ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అటో ఇటో పోయేది. నాకు తెలుస్తుండేది. ఎవరికీ చెప్పలేదు.

నేను చదివింది ఏడో తరగతి. మిగిలిందంతా ఏలూరు గ్రంథాలయంలో చదివాను. గొప్పకోసం చెప్పడం లేదు, గొప్పగానే చెబుతున్నాను. పని దిగాక కాళ్ళూ చేతులూ కడుక్కుని అక్కడికి వెళ్ళి, దీపాలార్పే దాకా కూర్చునేవాణ్ణి. తెలుగు పుస్తకాలు అయిపోయినట్టు అనిపించాక ఇంగ్లీషు మొదలుపెట్టాను. నిఘంటువు పక్కన పెట్టుకుని వారానికి ఒక పేజీ. అక్కడి అలమరలో అట్ట ఊడిపోయిన వడ్రంగపు పుస్తకం ఒకటి దొరికింది. దాన్ని రెండేళ్ళు చదివాను. షెడ్డులో ఇది తెలిసి మేస్త్రి పొద్దున్నే పలకరించేవాడు.

"ఏవండీ పండితులుగారూ, ఇవాళ రంపం ఎట్నుంచి లాగమన్నారండీ పుస్తకంలో?"

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. 

ఆ పుస్తకంలో అర పేజీలో ఒక బొమ్మ ఉంది. రంపం పక్కకి పోకుండా ఆనుకుని నడిచే చెక్క. మేము తర్వాత దాన్ని ఆనుడు చెక్క అన్నాం. బొమ్మ చూస్తే ఏమీ లేదు. జానెడు పొడవు, మూడు వేళ్ళ ఎత్తున్న చెక్క దిమ్మ. దాని అడుగున, ఒక చివర, అడ్డంగా ఒక బద్ద. బద్దను పలక అంచుకు ఆనిస్తే దిమ్మ పలక మీద సరిగ్గా అడ్డంగా కూర్చుంటుంది. దిమ్మ ముఖానికి రంపపు రేకు ఆనించి లాగితే రంపం అటూ పోదు, ఇటూ పోదు, పక్కకి వాలదు. అడ్డం సరిగ్గా తెగుతుంది, నిలువూ సరిగ్గా తెగుతుంది.

అర పేజీ చదవడానికి మూడు సాయంత్రాలు పట్టింది. చెయ్యడానికి నెల పట్టింది. మొదటిది మామిడి ముక్కతో చేశాను. కొల్లేటి గాలికి వారంలో ఉబ్బి వంకర తిరిగింది. రెండోదానికి పాత గుమ్మం విప్పినప్పుడు దొరికిన టేకు ముక్క తీసుకున్నాను. యాభై ఏళ్ళు ఎండిన టేకు, ఇక అది కదలదు. చిత్రిక పట్టి, అద్దం మీద పెట్టి చూసి, మళ్ళీ పట్టి, ముఖం చదును చేశాను. బద్దను స్క్రూలతో బిగించేముందు మూలమట్టాన్ని పరీక్షించమని పుస్తకంలో ఉంది. పలక అంచుకు మట్టం పెట్టి గీత గియ్యాలి. మట్టాన్ని తిరగేసి అక్కడే మళ్ళీ గియ్యాలి. రెండు గీతలూ ఒకటైతే మట్టం నిజం. షెడ్డులో మేస్త్రి మట్టంతో గీస్తే రెండు గీతలూ పైన విడిపోయాయి. ఆయన ఇన్నేళ్ళూ గూడెం చెయ్యి, గూడెం చెయ్యి అన్నది ఈ మట్టం పట్టుకునే. చూపించాను. ఆయన చూసి, గీతలు రెండూ బొటనవేలితో తుడిచేసి, "పెన్సిలు లావుగా ఉందండీ" అని వెళ్ళిపోయాడు.

కొత్త మట్టం కొనుక్కుని బద్ద బిగించాను. అయినా రంపపు రేకు దిమ్మ నుంచి ఎడంగా జరుగుతూనే ఉంది. అప్పుడు పాడైపోయిన స్పీకరు పగలగొట్టి అందులో అయస్కాంతం తీశాను. దిమ్మ ముఖంలో గుంట తొలిచి, జిగురు పోసి, ముఖానికి ఒక వెంట్రుక లోతుగా ఉండేట్టు పొదిగాను. రేకు దగ్గరికి తెస్తే దానంతట అదే వచ్చి అతుక్కుంది. రంపపు పళ్ళు రాసుకుని దిమ్మను తినెయ్యకుండా ముఖం మీద ప్లాస్టిక్ డబ్బా మూత కోసి అంటించాను. అంతే. ఎవరైనా చేసుకోవచ్చు. కొలతలు అడక్కండి, మీ చేతిలో ఇమిడేదే మీ కొలత.

ఇప్పుడు ఆమె గురించి.

కొల్లేటికోట వైపు నుంచి వచ్చేది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. షెడ్డులో పలకలు మొయ్యడం, పొట్టు ఊడ్చడం, గరుకు కాగితం పెట్టి రుద్దడం ఆమె పని. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కునేది. మాటకు మాట తడుముకోకుండా జవాబిచ్చేది. నేను దిమ్మ చేస్తున్న నెలరోజులూ రుద్దుడు ఆపి మరీ చూస్తుండేది. అయిన రోజు అడిగింది.

"బాబాయిగారండీ, ఒక్కసారి నాకిస్తారా?"

"ఏం చేస్తావమ్మా?"

"తింటానండి. కొయ్యడానికేనండీ బాబూ!"

ఒక వృథా ముక్క ఇచ్చాను. కోసింది. రంపం లాగడం ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఏళ్ళ తరబడి మమ్మల్ని చూసింది కదా. తెగిన చివరకు మట్టం ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూశాను. అడ్డంగా చూశాను, నిలువునా చూశాను.

"ఏంటండీ మాట్టాడరు?"

"వెలుగు కనపట్టం లేదమ్మా."

"అయ్యో, పాడుచేశానాండీ?"

"మట్టానికీ చెక్కకీ మధ్య వెలుగు కనపడకపోతేనే బాగా తెగినట్టు."

ఆమె ఆ ముక్కను చొక్కా జేబులో పెట్టుకుంది.

ఆ నెలలోనే చెరువు రైతు ఒకాయన వచ్చాడు. కొత్తగా తవ్వించిన చెరువు, రెండు తూములు, వారంలో చేపపిల్లలు వదులుతారు. మా పనివాళ్ళు ఇద్దరు అప్పటికే ద్వారకా తిరుమలలో కొట్లకు తలుపులు బిగించే పనిమీద ఉన్నారు. ఇంకొకడికి జ్వరం. మిగిలింది నేను ఒక్కణ్ణి. నేను ఆమె పేరు చెప్పాను. ఆనుడు చెక్కతో కోయిస్తానన్నాను. మేస్త్రి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. వేరే దారి లేదు. చివరికి ఆమెను పిలిచి అందరి ముందూ అన్నాడు.

"ఏవమ్మా, రైతుగారి తూములు రెండూ చుక్క కారకుండా నిలబెట్టావనుకో, షెడ్డులో నీకూ ఒక బల్ల వేయిస్తాను."

బల్ల అంటే ఏమిటో బయటివాళ్ళకి తెలియదు. మా షెడ్డులో బల్ల ఉన్నవాడు వడ్రంగి, బల్ల లేనివాడు కూలీ. బల్ల ఉన్నవాడి సామాను ఇంకొకడు ముట్టుకోడు. వాణ్ణి మేస్త్రి అయినా "టీ పట్టుకురా" అనడు. ఆమె నావైపు చూసి, "విన్నారు కదాండీ బాబాయిగారూ? మీరే సాక్షి" అంది. నేను నవ్వి తల ఊపాను. ఆ తల ఊపుడు కూడా నాకిప్పుడు గుర్తొస్తే మంట.

మూడు రోజులు గట్టు మీద పనిచేశాం. నేను గాడి నుంచి గాడికి కొలిచి గీత గీసేవాణ్ణి. ఆమె పలకను రెండు ముక్కాలిపీటల మీద పెట్టి, మోకాలితో అదిమి, చెక్క ఆనించి కోసేది. ప్రతి కోతకూ మట్టం పెట్టి తనే వెలుతురులో చూసుకునేది. మొదటి తూము మొదటి రోజే అయింది. నీళ్ళు వదిలాం. ఆమె పొడి వైపు దిగి, పలకలన్నిటి మీదా అరచెయ్యి ఆనించి కింది దాకా రాసింది. పైకి ఎక్కి చెయ్యి నాకు చూపించింది. తడి లేదు.

"బల్ల కిటికీ పక్కన వేయించుకుంటానండి. అక్కడ వెలుతురు బాగుంటాది," అంది.

"కిటికీ పక్కన నాది ఉందిగా."

"మీరు జరగండి మరి. పెద్దోళ్ళు సర్దుకోవాలి."

రెండో తూముకు తొమ్మిది పలకలు. మూడో రోజు పది గంటలకు ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోది అన్నిటికంటే అడుగున వెయ్యాల్సింది. అడుగున గాడి మరీ గరుకుగా, కొలత తేడాగా ఉంటే, మేస్త్రి కూడా చూస్తే మంచిదని చివరికి వదిలాం. పై పలకలన్నీ గట్టు మీద వరసగా పేర్చి పెట్టాం. సరిగ్గా అప్పుడు కారు వచ్చి ఆగింది. మేస్త్రి, రైతు, ఆయనతో పాటు పక్క చెరువుల రైతులు ఇద్దరు దిగారు. తొమ్మిదో పలకకు ఒక చివర ఆమె కోయడం అయింది, పలక పీటల మీదే ఉంది, రంపం ఆమె చేతిలో ఉంది.

"ఇదేంటండీ, ఆడమనిషి కోస్తందా?" అన్నాడు రైతు.

"నేర్చుకుంటందండి," అన్నాడు మేస్త్రి.

"నా తూముల మీదేనాండీ నేర్చుకోడం?" అని రైతు నావైపు తిరిగాడు. "ఏవండీ పెద్దాయనా, మీరు కూర్చున్నారేంటి? చెయ్యేమన్నా వణుకుతుందాండీ?"

పక్క రైతులు నవ్వారు. మర్యాదగానే నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు.

"మావోడిది చెయ్యి కాదండి, మిషనండి. ఏదయ్యా, ఒక్క పలక కోసి చూపించు, చూస్తారు."

నేను లేచాను. చెయ్యాల్సింది ఒక్కటే. ఆమెది కోత, ఇంతవరకూ కోసింది ఆమే, మట్టం పెట్టి చూసుకోండి అని చెప్పడం. లేదా కనీసం ఆనుడు చెక్క పెట్టుకుని కొయ్యడం. నేను ఆమె చేతిలోంచి రంపం తీసుకున్నాను. తీసుకున్నానంటే అడిగి తీసుకోలేదు. ఆమె దిమ్మను నావైపు జరిపింది.

"బాబాయిగారండీ, చెక్క."

"అక్కర్లేదమ్మా."

నెల రోజులు కూర్చుని నా చేత్తో చేసుకున్న వస్తువు అది. నా చెయ్యి తప్పుతోందనే చేసుకున్నాను. ముగ్గురు మనుషులు నవ్వేసరికి అది నాకు అవమానంగా కనపడింది. పుస్తకాలు చదివినవాణ్ణని విర్రవీగేవాణ్ణి కదా, నా లోపల ఉన్నది కూడా మేస్త్రి చెప్పే గూడెం చెయ్యే. కంటితో గీత చూసి, వేగంగా, ఠీవిగా కోశాను. సగం దాటాక రంపం ఎడమకు తిరగడం నా మణికట్టుకు తెలిసింది. ఆపితే వాళ్ళు చూస్తారని ఆపలేదు. ముక్క తెగి కింద పడింది. రైతులు పలక చివర చూడలేదు, నా వేగం చూశారు.

"అదండీ చెయ్యంటే!" అన్నాడు మేస్త్రి. అందరూ కారెక్కి వెళ్ళిపోయారు.

పలకను గాళ్ళలోకి దించితే ఒక మూల తట్టుకుంది. సుత్తితో కొట్టాను. కొంత దిగింది. దాని మీద రెండో పలక వేస్తే ఒక పక్కన చిటికెనవేలు దూరేంత సందు. బంకమట్టి తీసుకుని అద్దడం మొదలుపెట్టాను. ఆమె పైనుంచి చూస్తోంది.

"మళ్ళీ కోద్దామాండీ? ఇంకో పలక ఉంది."

"అక్కర్లేదు. నీళ్ళు తగిలాక చెక్క నానుతుంది, ఉబ్బుతుంది, సందు మూసుకుపోతుంది. పుస్తకంలో ఉందమ్మా."

ఆమె నమ్మింది. పుస్తకంలో ఉందన్నాను కాబట్టి నమ్మింది. పుస్తకంలో ఉన్నది నాకు బాగా తెలుసు. చెక్క నానితే వెడల్పున కాస్త ఉబ్బుతుంది, ఆ కాస్తకి అంత సందు మూసుకోదు; పొడవునైతే మారదు, తట్టుకున్న మూల తట్టుకునే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు దీపాల కింద కూర్చుని పోగేసుకున్న చదువును నేను నా వంకర కోత మీద మట్టి పూయడానికి వాడుకున్నాను. మట్టి కంటే అది ఎక్కువ పనిచేసింది.

శుక్రవారం చేపపిల్లలు వదిలారు. శనివారం పొద్దున్నే మేస్త్రికి ఫోను వచ్చింది. ఆయనా, ఆమే, నేనూ ముగ్గురం ఆటోలో వెళ్ళాం. దూరం నుంచే తెలిసిపోయింది. మురుగు కాలువలోకి తూము నీళ్ళు పడే చోట కొంగలు బారు కట్టి ఉన్నాయి. అన్ని కొంగలు ఊరికే రావు. రైతు మొదట వాటిని చూసే తూము దగ్గరికి వచ్చాడట. మట్టి కొట్టుకుపోయింది. అడుగు సందులోంచి నీరు కత్తిలా దూకుతోంది. ఎన్ని పిల్లలు పోయాయో ఎవరికి తెలుసు.

అవతల వైపు ఇసుక బస్తాలు వేసి నీళ్ళు ఆపి, పలకలు ఒక్కొక్కటే లాగారు. అడుగు పలక పైకి రాగానే మేస్త్రి దాన్ని తిప్పి చూశాడు. ఏటవాలు కంటికే కనపడుతోంది. ఆయన నావైపు చూడలేదు. ఆమె వైపు తిరిగాడు. మా గోదావరి జిల్లాల వాళ్ళం గొంతు పెంచం. 'అమ్మా' అంటూనే, 'అండీ' అంటూనే మనిషిని ఊడ్చి అవతల పారేస్తాం. ఆ మెత్తదనం గొప్పదని చెప్పుకుంటాం కూడా. 

"ఏవమ్మా, నీకు నేనేం తక్కువ చేశాను? నమ్మి ఇచ్చినందుకు ఇదాండీ?"

అప్పుడు నేను నోరు విప్పాలి. విప్పలేదు. ఆమె నావైపు చూసింది. నేను కొంగల వైపు చూస్తున్నాను.

ఆమె సంచిలోంచి ఆనుడు చెక్క తీసింది. గట్టు మీద ఆరబెట్టిన పలకల దగ్గర కూర్చుంది. బద్దను పలక అంచుకు ఆనించి, దిమ్మ ముఖాన్ని తెగిన చివరకు సరిచేసి, "చూడండి" అంది. సరిగ్గా కూర్చుంది. రెండో పలక. మూడో పలక. ఎనిమిదింటికీ రెండు చివర్లా పెట్టి చూపించింది, పదహారు కోతలు. రైతు వంగి చూశాడు. తర్వాత తొమ్మిదో పలక దగ్గరికి జరిగింది. ఒక చివర కూర్చుంది. అది ఆమె కోసిందే. రెండో చివర పెడితే దిమ్మకీ చెక్కకీ మధ్య వేలంత వెలుగు.

"ఇది చెక్కతో కోసింది కాదండి. నేను చెక్క లేకుండా ఒక్కటి కూడా కొయ్యలేదండి," అంది. అంతవరకే చెప్పింది. ఎవరు కోశారో చెప్పలేదు. చూసినవాళ్ళు ఇద్దరూ అక్కడే ఉన్నారు మరి, మేస్త్రీ, రైతూ.

"నేను కోశానండి," అన్నాను. "మీ ముందే కోశాను. వంకర పోయిందని నాకప్పుడే తెలుసు. మట్టి అద్ది మూశాను. ఆవిడ మళ్ళీ కోద్దామంది, నేనే వద్దన్నాను."

చెప్పాక నాకు గుండె తేలికైంది. ఇప్పుడు తిడతారు, పని మానిపిస్తారు, ఆమె బల్ల ఆమెకు వస్తుంది అనుకున్నాను. పుస్తకాల్లో అలాగే జరుగుతుంది.

రైతు నన్ను ఎగాదిగా చూసి, "పెద్దాయన, కన్ను తప్పుంటది. ఏం చేస్తాం," అన్నాడు. మేస్త్రి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒప్పుకున్నావు, పెద్దమనిషివి. పొరపాటు ఎవరికి రాదయ్యా? ఆ చివర ఇప్పుడే మళ్ళీ కోసెయ్యి." తర్వాత రైతుతో అన్నాడు. "ఇకనుంచి ఆవిడ రంపం పట్టదండి. మీరు నిశ్చింతగా ఉండండి."

నాకు అర్థం కాలేదు.

"అదేంటండీ? తప్పు నాది కదా?"

"నీదే. అయిపోయింది కదా?"

"మరి ఆవిడనెందుకండీ?"

మేస్త్రి నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. పక్కకి అంటే నాలుగడుగులు. ఆమెకు వినపడుతుందని ఆయనకీ తెలుసు.

"తూము కారిందని రేపటికి చెరువులన్నిటికీ తెలుస్తది. ఎవరు కోశారని అడుగుతారు. నువ్వు కోశావని చెప్తే షెడ్డు పేరు పోతుంది. ఆడమనిషి కోసిందని చెప్తే ఆడమనిషి పేరే పోతుంది. నువ్వు చదువుకున్నవాడివి, నీకు నేను చెప్పాలా?"

"బల్ల ఇస్తానన్నారు కదండీ. నేను సాక్షిని."

"చుక్క కారకుండా నిలబెడితే అన్నానయ్యా. కారింది కదా?"

ఎంత మెత్తగా అన్నాడో! వంకరగా కోసిన నాకు క్షమ దొరికింది. తిన్నగా కోసిన ఆమెకు శిక్ష పడింది. ఆమె కోతలన్నీ రుజువై, గట్టు మీద వరసగా ఎండలో కనపడుతూనే ఉన్నాయి. ఒక్కరికీ వాటితో పని లేదు. ఇదంతా తెలియక జరిగిందని ఎవరైనా అంటే వాళ్ళని నేను కొట్టేటట్టున్నాను. పద్దెనిమిది సార్లు దిమ్మ ఆనించి చూపిస్తే అందరూ కళ్ళారా చూశారు. చూసే చేశారు.

నేను ఆ చివర కోశాను. ఈసారి చెక్క పెట్టుకుని కోశాను. పలక తిన్నగా దిగింది. పని అయ్యాక మేస్త్రి ఆమెతో, "సోమవారం ఎప్పట్లాగే వచ్చెయ్యమ్మా, రుద్దుడు పని చాలా ఉంది," అన్నాడు. ఆమె చొక్కా విప్పి మడిచి సంచిలో పెట్టుకుని రోడ్డు మీదికి నడిచింది. నేను వెనకాల వెళ్ళాను.

"నేను చెప్పానమ్మా. నిజం చెప్పాను. చూశావు కదా."

"చూశానండి."

"నాకు ఏం చెయ్యాలో తెలియడం లేదు."

ఆమె ఆటో కోసం చూస్తూ అంది. "మీరు నిజం చెప్పారు, మీకు తేలికైంది బాబాయిగారండీ. నాకేం తేలికైంది? మీరు అక్కర్లేదమ్మా అని రంపం లాక్కున్నప్పుడే మాట్టాడాల్సింది నేను. మీరు పెద్దవారు కదా అని ఊరుకున్నాను."

ఆటో వచ్చింది. కొల్లేటికోట వైపు వెళ్ళేది కాదు, అయినా ఎక్కింది.

ఆదివారం ఆమెకు చర్చి. ఎప్పుడూ పనికి రాదు. సోమవారం కూడా రాలేదు. తర్వాత చేపలు ప్యాకింగు చేసే చోట చేరిందని విన్నాను. ఆనుడు చెక్క మాత్రం షెడ్డులోనే ఉండిపోయింది. నెల తిరక్కుండా అందరూ దాంతోనే కొయ్యడం మొదలుపెట్టారు. మగవాళ్ళు వాడితే అది ఆసరా కాకుండా పోయింది. మేస్త్రి వచ్చిన రైతులకి చూపించి "మా షెడ్డు పద్ధతండి" అనేవాడు. 

కుర్రవాళ్ళకి చెప్పాలనుకున్నది ఇక్కడుంది. నిజం ఒప్పుకోవడంతో నా వంతు అయిపోయిందనుకున్నాను. అవలేదు. ఆ వారం షెడ్డు నిండా పని ఉంది. ద్వారకా తిరుమల నుంచి వచ్చినవాళ్ళిద్దరికీ, జ్వరం తగ్గినవాడికీ ఆదివారమే జరిగిందంతా చెప్పాను. అన్యాయమే అన్నారు. మా నలుగురిలో ఇద్దరు ఆ సోమవారం ఇంట్లో కూర్చుని, ఆమె వస్తేనే వస్తాం అని ఉంటే చాలు, మేస్త్రి మధ్యాహ్నానికల్లా ఆమె ఇంటికి మనిషిని పంపేవాడు. ఆయన మెత్తటి మనిషి. గట్టిగా నిలబడ్డవాళ్ళ ముందు ఇంకా మెత్తనవుతాడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఎవరూ కూర్చోలేదు. నేను అసలే కూర్చోలేదు. అందరికంటే ముందు వెళ్ళాను, ఆ రోజు షెడ్డు తాళం తీసింది నేనే.